విశాఖ ద్వారకానగర్‌లో పన్నెండు రోజుల ఉద్యోగ శిక్షణ: ఎనిమిది నెలల కొలువు తర్వాత నా అభిప్రాయం

శిక్షణ ముగిసిన రోజు సాయంత్రం అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి అభిప్రాయం రాయమన్నారు. ఒక చేతిలో సర్టిఫికెట్, ఎదురుగా సమోసా, టీ. పక్కనే నిర్వాహకులు నిలబడి ఉన్నారు. "చాలా బాగుంది, ఎంతో నేర్చుకున్నాను" అని రాసి సంతకం పెట్టాను. మిగతా ముప్పై మూడు మందీ ఇంచుమించు అదే రాశారు. ఉద్యోగానికి పనికొచ్చే శిక్షణ అది. ఉద్యోగం ఎలా ఉంటుందో అప్పటికి మాలో ఒక్కరికీ తెలియదు. ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో, నాణ్యత పరీక్షల విభాగంలో, ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాను. అక్కడ నేర్పినవాటిలో రోజూ అక్కరకు వస్తున్నవేవో, ఒక్కసారి కూడా అవసరం పడనివేవో ఇప్పుడు చెప్పగలను. ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేయబోతున్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ డబ్బు కట్టే ముందు ఇది చదివితే మేలని రాస్తున్నాను.

నిర్వాహకుల పేరు రాయడం లేదు. నేను చూసింది ఒక్క విడతే. పైగా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ద్వారకానగర్ వైపు నడిస్తే ప్రతి మేడ మీదా ఇలాంటి బోర్డే కనిపిస్తుంది. బ్యాంకు పరీక్షలు, స్పోకెన్ ఇంగ్లిష్, సాఫ్ట్‌వేర్ కోర్సులు, వాటి మధ్య ఈ 'వ్యక్తిత్వ వికాసం, ఉద్యోగ నైపుణ్యాలు'. ఏ మెట్లెక్కినా ఇక్కడ చెప్పేవి అడిగి తెలుసుకోవచ్చు.

రుసుము ఆరు వేల రూపాయలు. పన్నెండు రోజులు, రోజుకు మూడు గంటలు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. ఆదివారం సెలవు. మా ఇల్లు పాత గాజువాకలో. కాలేజీ నుంచి ఇంటికి రాకుండా నేరుగా కాంప్లెక్స్‌కు వెళ్లిపోయేదాన్ని. తరగతికి ముందు అరగంట మిగిలితే అక్కడికి దగ్గరలోనే ఉన్న పౌర గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లిష్ పత్రిక చదివేదాన్ని. తిరుగు ప్రయాణంలో ఎన్ఏడీ కూడలి దగ్గర రద్దీలో బస్సు ఆగిపోయేది. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ బట్టలు కుడుతుంది. ఆ ఆరు వేలు పెళ్లిళ్ల ముహూర్తాలకు ఆమె కుట్టిన జాకెట్ల డబ్బు. అందుకే ఆ డబ్బుకు తగినది దొరికిందా లేదా అన్నది నాకు చిన్న విషయం కాదు.

కాలేజీలో ఇవన్నీ నేర్పరా అని ఎవరైనా అడగవచ్చు. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మారినప్పుడు జీవన నైపుణ్యాలు, నైపుణ్యాభివృద్ధి కోర్సులు చేర్చారు. సమాజ సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆలోచన చాలా మంచిది. నా వరకు ప్రాజెక్టు నిజంగానే చేశాను, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇంటర్న్‌షిప్ మాత్రం మా తరగతిలో చాలామందికి ఒక ఉత్తరం, ఒక స్టాంపు, ఒక నివేదికతో ముగిసిపోయింది. నలుగురి మధ్య కూర్చుని పని చేయడం ఎలా ఉంటుందో చూడకుండానే ఆఖరి సెమిస్టర్‌కు వచ్చేశాం. ఆ లోటు పూడ్చుకోవాలనే ఈ శిక్షణలో చేరాను.

మొదటి రెండు రోజులూ నాకు నచ్చలేదు. ఒక వక్త వచ్చారు. గొంతు బాగుంది, మైకు అవసరం లేదు. కలలు కనండి, భయాన్ని జయించండి, అద్దంలో చూసుకుని మీతో మీరు మాట్లాడుకోండి అని ఆరు గంటలు చెప్పారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టించారు, కళ్లు మూసుకోమన్నారు. ఆ సాయంత్రం అందరి మొహాలూ వెలిగాయి, అది నిజం. కానీ మాలో ఒక్కరి చేత కూడా ఒక్క పని చేయించలేదు. ఆరు గంటలంటే మొత్తం శిక్షణలో ఆరో వంతు, అంటే వెయ్యి రూపాయలు. ఆ సమయంలో మా ముప్పై నాలుగు మందిని తలా పది నిమిషాలు మాట్లాడించినా ఇంకా మిగిలేది.

అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి. గది తలుపు మీద ఒక కాగితం అంటించారు: లోపల ఇంగ్లిష్ మాత్రమే. తెలుగు మాట దొర్లితే పది రూపాయలు డబ్బాలో వేయాలి. ఉద్దేశం మంచిదే కావచ్చు. జరిగింది మాత్రం వేరు. మాట్లాడేవాళ్లు అయిదారుగురే మిగిలారు. వాళ్లు నగరంలో ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్నవాళ్లు, వాళ్లకు శిక్షణ లేకపోయినా నడిచిపోతుంది. అనకాపల్లి, చోడవరం, ఎస్.కోట వైపు నుంచి వచ్చినవాళ్లంతా నోరు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. నా వెనక వరసలో పాడేరు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న అబ్బాయి ఉండేవాడు. రెండు రోజుల్లో అతని గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియలేదు. డబ్బాలో పది రూపాయలు వేయాల్సి వస్తుందని అతను మంచినీళ్లు ఎక్కడున్నాయో కూడా అడగలేదు.

మూడో రోజు మేడమ్ వచ్చారు. ఒక పెద్ద ఫ్యాక్టరీలో సిబ్బంది విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశారు. నేత చీర, కళ్లజోడు, చేతిలో ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకం. లోపలికి వస్తూనే తలుపు మీది కాగితం చదివి, దాన్ని మెల్లగా ఊడదీసి మడిచి బల్ల మీద పెట్టారు. "భాష సంగతి తర్వాత. ముందు మీ దగ్గర చెప్పడానికి ఏముందో చూద్దాం" అన్నారు.

ఆ తర్వాత జరిగిన దాని కోసమే ఎవరైనా ఈ శిక్షణకు డబ్బు కట్టాలి.

ఒక్కొక్కరినీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, మీ గురించి చెప్పండి అని అడిగారు. నమూనా ఇంటర్వ్యూ అన్నమాట. నేను బట్టీ పట్టిన అయిదు వాక్యాలు అప్పజెప్పాను. నా పేరు, మా ఊరు, మా నాన్న పేరు, నా అభిరుచులు పుస్తక పఠనం, సంగీతం వినడం, నా బలం కష్టపడే తత్వం. మేడమ్ అంతా విని పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

"ఏమమ్మా, ఈ మూడేళ్లలో నువ్వు నీ చేతులతో చేసిన పని ఒక్కటి చెప్పు."

"ఏమీ చేయలేదు మేడమ్. చదువుకున్నాను."

"సమాజ సేవా ప్రాజెక్టు చేశావు కదా. అది ఏమిటి?"

అప్పుడు చెప్పాను. మా వీధిలో బోరు నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కుళాయి మూతులకు తెల్లగా పెచ్చులు కడతాయి. మా కెమిస్ట్రీ సార్ సలహాతో నలభై ఇళ్ల నుంచి నీళ్లు సీసాల్లో పట్టి కాలేజీ ల్యాబ్‌లో కాఠిన్యం కొలిచాను. ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేషన్, అంటే దాన్ని చుక్క చుక్కగా కలుపుతూ ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి రంగు మారే దాకా. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 600 దాకా అనుమతిస్తారు. నేను కొలిచిన నలభై సీసాల్లో ముప్పై ఒకటి 200 దాటాయి. ఆ ఇళ్లవాళ్లందరికీ ఒక కాగితం మీద అంకె రాసి ఇచ్చాను. ఇంత చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఎక్కడా తడుముకోలేదు. తెలుగులో చెబుతున్నానన్న సంగతే గుర్తు లేదు.

మేడమ్ పెన్ను కింద పెట్టారు. "ల్యాబ్ ఉద్యోగానికి వెళుతూ ఇది దాచిపెట్టి, సంగీతం వింటానని చెబుతున్నావేమమ్మా?" అన్నారు.

ఆ మాట నేను జన్మలో మరిచిపోను. తర్వాత ఆమె ఆ నాలుగు నిమిషాల కథను నా చేతే నాలుగు ముక్కలు చేయించారు: అప్పటి పరిస్థితి ఏమిటి, నా మీద పడ్డ బాధ్యత ఏమిటి, నేను చేసింది ఏమిటి, చివరకు తేలింది ఏమిటి. ఇంటర్వ్యూలకు ప్రపంచమంతా వాడే పద్ధతేనట అది, ఇంగ్లిష్‌లో ఆ నాలుగు మాటల తొలి అక్షరాలు కలిపి స్టార్ అంటారు. పేరు ముఖ్యం కాదు. ఆ నాలుగు ముక్కలనూ ఆరు చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా మార్చడానికి ఇద్దరం కలిసి కూర్చున్నాం. పెద్ద మాట ఒక్కటి కూడా వాడనివ్వలేదు. మరునాడు అదే ఇంటర్వ్యూ మళ్లీ, వారం తర్వాత ఇంకోసారి. మూడుసార్లూ ఫోనులో వీడియో తీసి చూపించారు. మొదటి వీడియోలో నేను ప్రతి వాక్యం చివర గాలి పీల్చుకుంటూ గోడ మీది గడియారం వైపు చూస్తున్నాను. మూడోదానిలో మేడమ్ మొహం చూసి మాట్లాడుతున్నాను. ఎవరో చెబితే నమ్మేదాన్ని కాదు, చూశాను గనక నమ్మాను.

పాడేరు అబ్బాయి వంతు వచ్చినప్పుడు గది అంతా నిశ్శబ్దం. "ముందు తెలుగులోనే చెప్పు నాయనా, తొందరేమీ లేదు" అన్నారు మేడమ్. అతను మెల్లగా మొదలుపెట్టాడు. వాళ్లకు కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. పండిన ఎర్ర పళ్లే ఏరాలి, పచ్చివి కలిస్తే ధర పడిపోతుంది. తొక్క తీయాలి, కడగాలి, ఆరబెట్టాలి. వాళ్ల ఊళ్లో పద్నాలుగు కుటుంబాలు కలిసి అమ్ముకుంటాయి. ఏ ఇంటివాళ్లు ఏ రోజు ఎన్ని కిలోలు తెచ్చారో ఇంటర్ నుంచీ లెక్క రాసేది ఇతనే. తూకం దగ్గర తగాదా వస్తే పుస్తకం తెరిచి చూపించేదీ ఇతనే. అయిదేళ్లుగా పద్నాలుగు ఇళ్ల డబ్బు లెక్క ఒక్క రూపాయి తేడా లేకుండా చూస్తున్న మనిషి రెజ్యూమెలో 'అనుభవం' అన్న చోట గీత గీసి వదిలేశాడు. అది చూసి నాకు గుండె పట్టేసినట్టయింది. మేడమ్ ఆ గీతను కొట్టేసి, అతని చేతే ఆ అయిదేళ్ల పని రాయించారు. ఇప్పుడు ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూస్తున్నాడు. ఇంగ్లిష్ ఇంకా కష్టపడి మాట్లాడతాడు, కానీ మాట్లాడతాడు.

రెజ్యూమె గురించి మేడమ్ చెప్పినవి ఒక్క పేజీలో ఇముడుతాయి. అసలు రెజ్యూమే ఒక్క పేజీలో ఇమడాలన్నది మొదటిది. మతం, కులం, ఎత్తు, బరువు, తండ్రి వృత్తి రాయనక్కర లేదు. 'పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్న చివరి వాక్యం తీసేసి ఆ రెండు వరసల్లో చేసిన పని ఇంకొకటి రాసుకోవచ్చు. చిన్నప్పుడు తమాషాగా పెట్టుకున్న ఈమెయిల్ చిరునామా మార్చి మీ పేరుతో కొత్తది తెరవాలి. ఈ చివరిది విని మా వరసలో ఏడుగురు అక్కడికక్కడే ఫోన్లు తీశారు.

ఈమెయిల్ రాయడం, ఫోనులో మాట్లాడటం ఒక్క రోజులో ముగించారు. ఫరవాలేదు. ఎక్సెల్‌కు మాత్రం రెండే గంటలు ఇచ్చారు, అదీ ప్రొజెక్టర్ మీద చూపించి. మీట మీద వేలు పెట్టకుండా ఎక్సెల్ ఎలా వస్తుంది? అది నేను తర్వాత ఇంట్లో అన్నయ్య ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవలసి వచ్చింది. బృంద చర్చకు రెండు రోజులు పోయాయి. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, సోషల్ మీడియా మేలా కీడా అని వాదించుకోమన్నారు. గొంతు పెద్దదైనవాళ్లు గెలిచారు. నేను హాజరైన నాలుగు ఇంటర్వ్యూల్లో ఒక్కచోట కూడా బృంద చర్చ పెట్టలేదు. ఇంజినీరింగ్ వాళ్లకు, ఎంబీఏ వాళ్లకు అవసరం పడుతుందేమో గానీ బీఎస్సీ, బీకాం చదివినవాళ్లకు ఆ రెండు రోజులు ఎక్సెల్‌కు ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

తొమ్మిదో రోజు మేడమ్ ఒక విచిత్రమైన పాఠం చెప్పారు. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు. జరిగింది ఏమిటి? దానివల్ల ఏ పని ఆగింది? ఇప్పుడు నేను ఏం చేస్తున్నాను? "ఉద్యోగంలో తప్పు చేయనివాళ్లు ఉండరు. దాన్ని అయిదు నిమిషాల్లో చెప్పేవాళ్లు ఉంటారు, అయిదు రోజులు దాచేవాళ్లు ఉంటారు. ఈ మూడింటికీ జవాబు తయారు చేసుకుని పై అధికారి దగ్గరకు వెళ్లండి. క్షమాపణలతో మొదలుపెట్టకండి, విషయంతో మొదలుపెట్టండి" అన్నారు. తర్వాత ఇద్దరిద్దరిని నిలబెట్టి నటింపజేశారు. బిల్లు తప్పు వేశాను, పార్సిల్ వేరే ఊరికి పంపాను, సమావేశం తేదీ తప్పు చెప్పాను. నవ్వుకుంటూ చేశాం.

ఉద్యోగంలో మూడో వారం. ప్రమాణ ద్రావణం, అంటే గాఢత కచ్చితంగా తెలిసి ఉండాల్సిన ద్రావణం, తయారు చేస్తున్నాను. వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో నీళ్లు గీత దాటిపోయాయి, వెంట్రుక వాసి అంత. ఎవరూ చూడలేదు. డ్రాపర్‌తో కాస్త తీసేస్తే గీత మీదికి వచ్చేస్తుంది. చేతిలో డ్రాపర్ ఉంది కూడా. కానీ తీసేసిన దానితో పాటు కరిగి ఉన్న పదార్థమూ పోతుంది, గాఢత ఉండాల్సినంత ఉండదు, ఆ ద్రావణంతో పోల్చి ఏ మందును పరీక్షించినా అంకె తప్పు వస్తుంది. ఆ మందు ఎవరో ఒక రోగి మింగుతారు. సీనియర్ దగ్గరకు వెళ్లి, "సార్, రెండో ఫ్లాస్కులో గీత దాటింది. నమూనా పరీక్ష అరగంట ఆలస్యమవుతుంది. అది పారబోసి మళ్లీ తూకం వేస్తున్నాను" అన్నాను. ఆయన తల ఎత్తి చూసి, "రిజిస్టర్‌లో రాసి చెయ్యమ్మా" అన్నారు, అంతే. నా మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ద్వారకానగర్‌లో ఆ మూడు వాక్యాలు ముందే నోటికి అలవాటు కాకపోయి ఉంటే ఆ రోజు చెప్పగలిగేదాన్నా అన్నది ఇప్పటికీ ఆలోచిస్తాను. మా పనిలో చేసినది చేసిన వెంటనే రాయాలి, తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వేయాలి, కింది అంకె కనిపిస్తూనే ఉండాలి. తెల్ల రంగు పూయడం నిషేధం. తప్పును కనిపించేలా ఉంచాలన్న ఈ నియమం మొదటిసారి చదివినప్పుడు నాకు మేడమ్ బోర్డే గుర్తొచ్చింది.

ఇక పదో రోజు, జీతం కాగితం రోజు. ఇది ఒక్కటి వేరుగా పెట్టినా వెళ్లవచ్చు. ఏడాదికి 2,40,000 రూపాయల ప్యాకేజీ అంటే నెలకు ఇరవై వేలు చేతికొస్తాయని మేమంతా అనుకుంటున్నాం. మేడమ్ బోర్డు మీద లెక్క వేశారు. మూల వేతనం పది వేలు అనుకుందాం. ఆ ఇరవై వేలలోనే కంపెనీ కట్టే భవిష్య నిధి వాటా 12 శాతం, అంటే 1,200 ఉంటుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద 4.81 శాతం, 481 ఉంటుంది. కంపెనీ కట్టే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, మూల వేతనం మీద కాకుండా ఈ మూడూ పోగా మిగిలే జీతం మీద 3.25 శాతం, 577 ఉంటుంది. అవి పోగా 17,742. అందులోంచి మన వాటా భవిష్య నిధి మరో 1,200, మన ఈఎస్ఐ అదే జీతం మీద 0.75 శాతం, సుమారు 133, మన రాష్ట్రంలో వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 16,250 రూపాయల చుట్టూ. గదిలో ఒక నిట్టూర్పు వినిపించింది. "పోయిందనుకోకండి. భవిష్య నిధి మీ సొమ్మే. ఈఎస్ఐ ఉంటే మీ తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉన్నప్పుడు వాళ్లకూ వైద్యం అందుతుంది. మల్కాపురంలో ఆసుపత్రి ఉంది, తెలుసుకోండి" అన్నారు.

ఆ రోజే ఇంకొన్ని చెప్పారు. ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగినవాళ్లు ఎవరైనా సరే మోసగాళ్లే. అసలు సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, వదిలి రాకూడదు. బాండ్ ఉంటే ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చదవాలి. చేరిన రోజే యూఏఎన్ (భవిష్య నిధి ఖాతాలన్నిటికీ ఒకటే ఉండే నంబరు) అడిగి తీసుకోవాలి, ఆధార్‌లో పేరు, కంపెనీ రాసిన పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా చూసుకోవాలి.

ఆ చివరి మాట దగ్గర నాకు నాన్న గుర్తొచ్చారు. నాన్న ఫిట్టర్. ఇరవై రెండేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశారు. ఆయన పాత ట్రంకు పెట్టెలో ప్లాస్టిక్ సంచిలో మూడు భవిష్య నిధి చీటీలు ఉన్నాయి, ఒక్కో దానిలో ఒక్కో రకంగా పేరు. ఒకదానిలో ఇంటిపేరు పొడి అక్షరంలో, ఒకదానిలో పూర్తిగా, ఇంకోదానిలో అసలు లేదు. ఆ డబ్బు ఇక రాదని ఆయన ఎప్పుడో వదిలేసుకున్నారు. ఆ రాత్రి అన్నం తింటూ మేడమ్ చెప్పిందంతా చెప్పాను. నాన్న లేచి వెళ్లి ఆ సంచి తెచ్చి కంచం పక్కన పెట్టారు. "చూడమ్మా, వీటికి ఏమైనా దారి ఉందేమో" అన్నారు. 2014లో యూఏఎన్ వచ్చాక పాత ఖాతాలను ఒకే నంబరు కిందికి తెచ్చుకునే వీలుంది. పేరు సవరణకు దరఖాస్తు చేసి, సంతకాలు పట్టుకొచ్చి, తిరిగి తిరిగి అయిదు నెలలు పట్టింది. రెండు ఖాతాలు కలిశాయి. మూడోదాని కాంట్రాక్టర్ ఇప్పుడు లేడు, దానికోసం ఇంకా తిరుగుతున్నాం. కలిసిన మొత్తం ఫోనులో కనిపించిన రోజు నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

ఇప్పుడు లేనివాటి గురించి. మా ముప్పై నాలుగు మందిలో పదకొండు మందిమి బీఎస్సీ, తొమ్మిది మంది బీకాం. అయినా మేడమ్ కాకుండా మిగతావాళ్లు చెప్పిన ఉదాహరణలన్నీ రుషికొండ, మధురవాడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులవే. విశాఖలో ఉద్యోగమంటే అదొక్కటేనా? ఓడరేవు ఉంది, నౌకా నిర్మాణ కేంద్రం ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, రిఫైనరీ ఉంది, దగ్గర్లో పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతాలు ఉన్నాయి. మాలాంటివాళ్లు ఎక్కువగా వెళ్లేది అటే. అక్కడ షిఫ్టులు ఉంటాయి. ఉదయం అయిదున్నరకు కంపెనీ బస్సు ఎక్కాలి, ఆ బస్సు తప్పితే పరవాడకు ఆటోలు మారుతూ వెళ్లాలి. నగలు, గాజులు తీసి లాకర్‌లో పెట్టాలి. గంటల తరబడి నిలబడాలి. ఏ రసాయనం డబ్బా మీద ఏ గుర్తు ఉంటే ఏం చేయాలో తెలియాలి, అలారం మోగితే ఎటు నడవాలో తెలియాలి. వీటి గురించి ఒక్క గంట కూడా చెప్పలేదు. టై కట్టుకోవడం మాత్రం అబ్బాయిలకు ముప్పావుగంట నేర్పారు.

అమ్మాయిలకు సంబంధించిన ఇంకో ముఖ్య విషయం పది నిమిషాల్లో తేల్చేశారు. పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి చోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మేడమ్ ఇంతవరకు చెప్పేసరికి సమయం అయిపోయిందని నిర్వాహకులు తలుపు దగ్గర నిలబడ్డారు. కమిటీలో ఎవరుంటారు, ఏం రాయాలి, చెప్పుకుంటే ఉద్యోగం పోతుందా అని మేం అడగాలనుకున్నవి అడగనేలేదు. ఆడపిల్లను మొదటిసారి ఉద్యోగానికి పంపే అమ్మలకు ఉండే పెద్ద భయం ఇదే. దీనికి పూర్తిగా ఒక రోజు ఇవ్వాలి, అబ్బాయిలను కూడా కూర్చోబెట్టి చెప్పాలి.

కరపత్రంలో 'నూరు శాతం ఉద్యోగ సహాయం' అని ఉంది. సహాయం అంటే వాళ్ల దృష్టిలో ఇరవై కంపెనీల ఈమెయిల్ చిరునామాల పట్టిక. అందులో ఆరింటికి పంపిన ఉత్తరాలు చేరకుండా తిరిగొచ్చాయి. నా ఉద్యోగం మా కాలేజీ సీనియర్ అక్క చెప్పిన, నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూలో వచ్చింది. సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. ఇంటర్వ్యూలో అడిగింది నీళ్ల కథే. నలభై సీసాలకు బ్లాంక్ టైట్రేషన్ (పోల్చి చూడటానికి నమూనా లేకుండా చేసే పరీక్ష) చేశావా అని కూడా అడిగారు. చేశాను.

ఆరు వేలకు తగినదేనా అంటే, మేడమ్ ఉన్న ఆరు రోజులకు తగినదే, ఇంకా ఎక్కువే. మిగతా ఆరు రోజులు లేకపోయినా నష్టం లేదు. అందుకే చేరే ముందు ఆఫీసులో కూర్చున్న అమ్మాయిని ఇవి అడగండి. ఒక్కొక్కరి చేత నమూనా ఇంటర్వ్యూ ఎన్నిసార్లు చేయిస్తారు, వీడియో చూపించి తప్పులు చెబుతారా? విడతకు ఎంతమంది? పాఠం చెప్పేవాళ్లు ఏ ఉద్యోగం ఎన్నేళ్లు చేశారు? గదిలో తెలుగు మాట్లాడనిస్తారా? జీతం కాగితం, బాండ్, భవిష్య నిధి గురించి చెబుతారా? కంప్యూటర్ ముందు కూర్చోబెడతారా, తెర మీద చూపిస్తారా? ఒక రోజు ఉచితంగా కూర్చుని చూడనివ్వమని కూడా అడగండి. నేను అడగలేదు.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు వాళ్లు వీలైతే ఉదయం విడతలో చేరండి, సాయంత్రం ఏడు తర్వాత ఎన్ఏడీ దగ్గర చాలా ఆలస్యమవుతుంది. చేరాక మొదటి రోజే మీ ప్రాజెక్టు నివేదిక, మీరు ఇంట్లో గానీ ఊళ్లో గానీ చేసిన ఏ పని కాగితమైనా సంచిలో పెట్టుకుని వెళ్లండి. శిక్షణ ముగిశాక కూడా మేడమ్ శనివారాలు మధ్యాహ్నం వచ్చి కూర్చుంటారు, డబ్బు తీసుకోరు. ఆఫర్ లెటర్ వచ్చిన వారం నాది పట్టుకెళ్లాను. నాలుగు పేజీలూ చదివి, మూడో పేజీలో బాండ్ ఉన్న వాక్యం కింద పెన్సిల్‌తో గీసి, "ఇది అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకుని అప్పుడు సంతకం పెట్టమ్మా" అన్నారు. అలాగే చేశాను. ఆ కాగితం మీద పెన్సిల్ గీత నేను చెరపలేదు.